కండువా కింద నడక

“మళ్ళీ ఇటుక రంగే!”

నారాయణమ్మ పట్టకారుతో పట్టుకున్న గాజు గొట్టాన్ని ఎండకేసి ఎత్తి చూసింది. ఎటు తిప్పి చూసినా ఇటుక రంగే. పోనీ కాస్త పసుపుకైనా తిరిగిందేమోనని కొంగుతో తుడిచి మళ్ళీ చూసింది. తుడిస్తే పోయే రంగా అది?

నూతి గట్టు మీద స్పిరిటు దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. నీలం మందులో మొగుడి ఒంటేలు చుక్కలు వేసి కాచాలి. నీలంగానే నిలిస్తే సెక్కర లేనట్టు. ఆకుపచ్చకి తిరిగితే కొంచెం, పసుపైతే మరికొంచెం, ఇటుక రంగైతే ఒంటినిండా సెక్కరే. డాక్టరు జగన్నాధం చెప్పిన పాఠం ఇంతే. ఆ ఇంట్లో ఎనిమిదో క్లాసు దాకా చదివింది కోడలొక్కతే కాబట్టి, ఈ ఉద్యోగం ఆవిడ మెడకి చుట్టుకుంది.

“నీ సేతులిరిగిపోనూ! ఆ ఒంటేలు నా ఇంట్లో ఉడకెట్టొద్దని ఎన్నిమార్లు సెప్పినానే?” వెనకనుంచి అత్తగారు జగ్గమ్మ అందుకుంది. “మొన్న వంటింట్లో, ఇయాల నూతికాడ. రేపు దేవుడి గదిలో ఉడకెడతావేటి?”

“డాట్రుబాబు సెప్పినాడత్తా. నాకేటి, సరదానా?”

“ఆ డాట్రుని ఆల ఇంట్లో ఉడకెట్టుకోమను.” జగ్గమ్మ ముక్కు మూసుకుంది. మూసుకున్న ముక్కుతోనే ఒకడుగు ముందుకేసింది. “ఇంతకీ ఏటయ్యింది? నీలం నిలిసిందా?”

నారాయణమ్మ గొట్టం చూపించింది. జగ్గమ్మ మొహం మాడిపోయింది. ముక్కు మీది చెయ్యి తనకి తెలియకుండానే గుండె మీదికి దిగింది.

వీధి అరుగు మీద జగ్గమ్మ పెద్దకొడుకు గణపతిరావు అంతా వింటూనే ఉన్నాడు. ఆయన కుడిచేతి చూపుడువేలికి పెద్ద కట్టుంది. లారీ వెనక తలుపు గొళ్ళెంలో ఆ వేలు నలిగి ఎన్నాళ్ళో అయింది. ఇంకొకళ్ళకైతే ఈపాటికి మచ్చ కూడా మిగిలేది కాదు. ఈయనకి మాత్రం కట్టు విప్పినప్పుడల్లా వేలు మరికాస్త నల్లబడుతోంది.

“పున్నమి దాకా చూస్తాను గణపతిరావుగారూ,” అని మొన్ననే ముఖాన చెప్పేశాడు డాక్టరు. “చక్కెర దిగితే పుండు మానుతుంది. దిగకపోతే విశాఖ పెద్దాసుపత్రికి రాసిచ్చేస్తాను. వేలు తియ్యడమే. ఆలస్యం చేస్తే చెయ్యే పోతుంది.”

వేలు పోతే ఏమిటంట అని ఎవరైనా అనగలరు. సాలూరు లారీ స్టాండులో అనమనండి చూద్దాం! అక్కడ కిరాయి బేరాలు నోటితో జరగవు. నలుగురూ వినే చోట ధర పైకి చెప్పరు. కండువా కప్పుకుని, దాని కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి చెప్పుకుంటారు. కొరాపుట్టు కొండలనుంచి ఘాటీ దిగొచ్చే చింతపండూ పసుపూ కానీ, నెల్లిమర్ల మిల్లుకి పోయే గోగునార కానీ, గణపతిరావు బుకింగు ఆఫీసులో ఆ కండువా కిందనుంచే బయల్దేరాలి. చూపుడువేలు లేని దళారీ మాట పడిపోయిన వాడితో సమానం.

“అత్తా, ఒకమాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు.” నారాయణమ్మ గొంతు తగ్గించింది. “నాను నూతికాడ ఉన్నప్పుడు బావకేటైనా పెడతన్నావా?”

“ఏటీ?”

“పోయినవారం సోడంబలిలో బెల్లం కలిపినావు కదా మరి.”

“అదొక్కనాడే కదే! కూలోలు తాగే అంబలి నా కొడుకు సప్పగా తాగుతుంటే పేనం ఒప్పక కుసింత కలిపినాను. నువ్వు సూసి గోల సేసినావు. ఆ తరవాత ముట్టుకుంటే ఒట్టు!” జగ్గమ్మ గొంతు లేచింది. “నా కొడుకుని నా సేత్తో సంపుకుంటానేటే? పుట్టింటోలమ్మాయని కోరి తెచ్చుకున్నందుకు మంచి మాటే అన్నావు!”

“సంపుతన్నావని నానన్నానా?”

“మరేటన్నావు? వండేది నువ్వు. కొలిసి పెట్టేది నువ్వు. తప్పు నాదా?”

కోడలు కొలిచి వడ్డిస్తే, కట్టున్న చేత్తో తినలేని కొడుక్కి పొద్దునా రాత్రీ తల్లి ముద్దలు కలిపి పెడుతోంది. మధ్యాహ్నం ఆ కొలతతోనే ఆఫీసుకి కేరేజీ వెళ్తుంది. గణపతిరావు నోట్లోకి ఏం వెళ్తోందో ఆ ఇంట్లో ఇద్దరాడవాళ్ళకీ తెలుసు. తెలిసి కూడా గొట్టం ఎర్రబడుతోందంటే, ఇద్దరిలో ఒకరు దొంగ అయి తీరాలి. ఇద్దరూ అదే అనుకున్నారు. పాపం, ఇద్దరూ కాదు.

“నువ్వైనా సెప్పరా!” జగ్గమ్మ అరుగు మీదికొచ్చింది. “నాను నీకేటైనా దొంగతనంగా పెట్టినానా?”

“నేదమ్మా.”

“నాను పెట్టినానా బావా?” గుమ్మంలోనుంచి నారాయణమ్మ.

“నేదే.”

“మరెవులు పెట్టినారు?” అన్నారిద్దరూ.

“నాకేటి తెల్సు? మీరు పెట్టినదే తింతన్నాను. పంచదార బుగ్గన పెట్టి ఎన్నాల్లయ్యిందో. లడ్డూ కల్లోకొస్తన్నాది గాని నోట్లోకి రాలేదు.”

అబద్ధం చెప్పే మొహం కాదు అది. అదే ఆ ఇద్దరికీ మరీ కష్టమైపోయింది.

ఈలోగా తమ్ముడు చినబాబు చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ బయటికొచ్చాడు. కూజా ఎత్తి గటగట తాగేసి మూతి తుడుచుకున్నాడు. “అన్నియ్యా, గాటీ బండ్లు దిగిపోయుంటాయి. ఈల తగువు తీరేసరికి పొద్దుగూకిపోద్ది. రా, ఎలిపోదాం.”

“కుసింత తినెల్లరా,” అంది జగ్గమ్మ అలవాటుగా. అని, వెంటనే నాలిక్కరుచుకుని, “వొద్దులే. నాను ముద్ద పెడితే నేరం నాదవుతాది. ఇయాల్టి నుంచీ ఈ సేత్తో ఎవులికీ పెట్టను,” అంటూ గోడకేసి తిరిగి పడుకుంది.

అన్నదమ్ములు సైకిలెక్కి వెళ్ళిపోయారు. తరవాత ఆ ఇంట్లో గిన్నె చప్పుడు కూడా లేదు. నారాయణమ్మ దీపం ఆర్పింది. తోటకూర పప్పు వండింది. రాగిపిండితో చోడిరొట్టె కాల్చింది. అత్త గోడకేసే ఉంది. “అత్తా, తిందూగాని లే,” అంది ఒకసారి. అత్త చెంగు తల మీదికి లాక్కుంది. రెండోసారి అనలేదు.

కేరేజీ సర్ది గుమ్మంలో నిలబడింది. రోజూ చినబాబు వచ్చి పట్టుకెళ్ళేవాడు. ఇవాళ తగువు చూసి జంకాడు కాబోలు, రాలేదు. ఆ ఇంటి ఆడవాళ్ళు లారీ స్టాండుకేసి తొంగి చూసిన రోజు లేదు. నారాయణమ్మ కొంగు నిండా కప్పుకుంది, కేరేజీ అందుకుంది, మెట్లు దిగింది. మొగుడి వేలు పోతుంటే ఇంటి మర్యాద ఎవడిక్కావాలి?

*

రేకుల షెడ్డు, ముందు వరసగా బెంజి లారీలు, డీజిలు వాసన. స్టాండులో మగవాళ్ళు మాటలాపి చూశారు. నారాయణమ్మ ఎవర్నీ చూడలేదు. ఆఫీసు పక్కనున్న పోతురాజు టీకొట్టు గోడ వార నిలబడింది. లోపల మొగుడి ముందు ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. గజపతినగరం చింతపండు వ్యాపారి నరసింగరావు. మొహం చిటపటలాడుతోంది.

“ఎడం సేత్తో బేరమేటయ్యా? నాను నీకంత లోకువైపోనానా?”

“తప్పుగా అనుకోకండి నరసింగరావుగారూ. ఏలు ఇలగున్నాది, సూస్తన్నారు కదా. ఎడం సెయ్యే గతి. పోతురాజూ! అయ్యగారికి ఇంకో టీ. మీగడేసి పట్రా. నాకూ తే.”

పోతురాజు టీలు లోపలికి పట్టుకుపోయాడు. గణపతిరావు ఎడంచేత్తో గ్లాసెత్తి ఒక్క చుక్క మిగల్చకుండా తాగి, ఖాళీ గ్లాసుని బల్ల మీద బోర్లించాడు. నరసింగరావు మొహం కాస్త విడింది. ఆయనా తాగి బోర్లించాడు. బేరం ఖాయం. స్టాండు కట్టడి అది. టీ తాగి గ్లాసు బోర్లిస్తే మాటకి తిరుగులేదు. టీ ముట్టలేదంటే బేరం ఇష్టం లేదని అర్థం.

నారాయణమ్మ చూపు ఆ బల్ల మీద నిలిచిపోయింది. పొద్దుటినుంచీ బోర్లించిన గ్లాసులు ఇంకా అలాగే ఉన్నాయి. కింద కరగని పంచదార జిగురు. బల్లకోడు వెంబడి చీమల బారు.

నరసింగరావు లేచి వెళ్ళేదాకా ఆగింది. ఆగడం ఎంత కష్టమో ఆవిడకే తెలుసు. ఆపైన తిన్నగా లోపలికి పోయి, కేరేజీ ఆ గ్లాసుల మధ్య దభీమని పెట్టింది.

“నువ్వేటే ఇక్కడ?” గణపతిరావు ఉలిక్కిపడ్డాడు. చినబాబు మూలన గోనెబస్తా మీదనుంచి లేచి నిలబడ్డాడు.

“ఇయేటి బావా?”

“ఏటి?”

“ఈ గ్లాసులు.”

“టీ.”

“అన్నీ నువ్వే తాగినావా?”

“అన్నీ నానేటే, పిచ్చిదానా. సగం పార్టీలవి, బేరానికొచ్చినోలవి.”

“మిగతా సగం?”

“బేరం కదే. ఎన్ని బేరాలైతే అన్ని గ్లాసులు. ఈమద్దిన ఎడం సెయ్యి పెడతన్నానని పార్టీలు మొహాలు ముడుసుకుంటన్నారు. అందుకని ఇంకో గ్లాసు తాగి మర్యాద నిలబెడతన్నాను.”

“పంచదారతోనా?”

“పంచదార నేకండా టీ ఏటే? అది జొరమొచ్చినోడికి కసాయం.”

నారాయణమ్మ బల్ల పట్టుకుంది. “డాట్రుబాబు తీపి ముట్టొద్దంటే నీకేటి వినబడింది?”

“తీపి తింతన్నానేటి? లడ్డూ మానీనాను, జిలేబీ మానీనాను, అన్నం మానీసి ఆ సోడిముద్దలు మింగతన్నాను. తినకూడనిదేదీ తిన్లేదు. తాగినాను, అంతే. టీ తిండవుతాదేటే?”

ఎంత ధర్మరాజులాంటి మొహం పెట్టి అన్నాడని! ఆయన అబద్ధమాడలేదు. ఈ స్టాండులో ఎవడూ టీని తిండి లెక్కలో వెయ్యడు. గుడిలో తీర్థం తాగితే ఉపవాసం చెడుతుందా అన్నట్టుంది ఆయన ప్రశ్న.

నారాయణమ్మకి ముందు నవ్వొచ్చింది. నవ్వు ఆగకుండానే ఏడుపొచ్చింది. అత్త దొంగ కాదు. తను దొంగ కాదు. ఆ సంతోషం ఒకవైపు, ముసలిదాన్ని పొద్దున్నే అంతమాట అన్నానే అన్న బాధ ఒకవైపు. బస్తా మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

“వొదినా, నీల్లు తాగుతావా?” చినబాబు కంగారుగా చెంబు తెచ్చాడు. ఆవిడ వద్దంటే తనే తాగేశాడు.

“ఇయాల్టినుంచి టీ బందు,” అంది నారాయణమ్మ కళ్ళు తుడుచుకుని.

“బందంటే? ఆఫీసు కూడా బందు సేసీ. ఎడం సెయ్యి ఒకటీ, టీ ముట్టకపోడం ఒకటీ. ఇంకే పార్టీ ఈ గడప తొక్కుతాడు?”

“నడవమని కూడా సెప్పినాడు డాట్రుబాబు. అదైనా సేస్తన్నావా?”

“ఎప్పుడు నడవను? తెల్లారకముందే గాటీ బండ్లు. మద్దేన్నం పార్టీలు. సందేళ లోడింగు. గడియారంలో నా కోసం ఇంకో గంట పెట్టమను మీ డాట్రుని, నడుస్తాను.” గణపతిరావుకి నిజంగానే కోపమొచ్చింది. “అందరూ సెప్పీవోలే. మానీ అనేది ఈజీ. నాను మానీస్తే ఈ ఇల్లు ఏటి తింటాది?”

ఆ మాటకి నారాయణమ్మకి ఒళ్ళు మండింది. విసురుగా లేచి, మొగుడి చెయ్యి పట్టుకుని లాగింది.

“ముందింటికి నడు. మీయమ్మ అన్నం మానీసి గోడకేసి తొంగుంది. నువ్వే సెప్పు ఆవిడికి, ఈ గ్లాసుల సంగతి.”

“ఒగ్గే! నడిరోడ్డు మీద సెయ్యి పట్టుకుంటావేటే? అందరూ సూస్తన్నారు!”

“సూడనీ!”

షెడ్డు దాటి రోడ్డెక్కాక నారాయణమ్మ చటుక్కున ఆగింది. కిందకి చూసింది. తన కుడిచేతిలో మొగుడి ఎడం చెయ్యి. ఎటు తిప్పి ఆలోచించినా అంతే. పక్కన నడిచేవాళ్ళ కుడిచేతికి అందేది ఎడం చెయ్యే.

“బావా.”

“ఏటి మళ్ళీ?”

“కూకుని ఎడం సెయ్యి సాపితే తప్పు. పక్కన నడుస్తూ కలిపితే తప్పేటి?”

గణపతిరావుకి వెంటనే అర్థం కాలేదు. మొగుడి భుజం మీది కండువా తీసి, పట్టుకున్న ఆ రెండు చేతుల మీదా కప్పింది నారాయణమ్మ. అప్పుడు అర్థమైంది. పోతురాజు కొట్లో ఎవడో కిసుక్కుమన్నాడు. గణపతిరావు చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

*

ఇంటికొచ్చి తల్లి పక్కన కూర్చుని గణపతిరావు అంతా చెప్పాడు. జగ్గమ్మ గోడకేసే ఉండి విన్నది. ఆఖర్న ఇటు తిరిగింది.

“ఒరే బడుద్దాయీ! నీ టీ నీల్ల కోసరం ఆడకూతురు మీద నింద ఏసినాను కదరా!”

“నానే ముందేసినానత్తా,” అంది నారాయణమ్మ.

“నువ్వేసినావు, నాను మోసినాను. లెక్క సరిపోనాది. లే, ఆకలేస్తన్నాది.” జగ్గమ్మ చెంగు దోపుకుని లేచింది. “నాకూ అంబలే పొయ్యి. నా కొడుకు సప్పంబలి తాగుతుంటే నాను వరన్నం తింటే అరగదు.”

ఆవిడ అన్నంత పనీ చేసింది. పొద్దున తల్లీకొడుకులిద్దరికీ మజ్జిగ పోసిన చోడంబలీ ఉల్లిపాయా. మధ్యాహ్నం పిడికెడన్నం, గిన్నెడు కూర. రాత్రి రొట్టె. మిగిలిన వరన్నమంతా చినబాబు కంచంలోకి పోయింది. వాడు కాదనలేదు. “ఎంత తిన్నా ఈడి ఒంటికంటదేటే?” అని జగ్గమ్మ విసుక్కునేది. నిజమే, ఈమధ్య వాడి చొక్కా భుజాల మీదనుంచి జారుతోంది.

స్టాండులో మొదటి రోజు మాత్రం నరసింగరావు ఒప్పుకోలేదు.

“నడుస్తూ బేరమేటయ్యా? మనమేటి గొర్రెలు తోలుకెల్తన్నామా?”

“బండి సూపిస్తాను రండి, వంతెన కాడ ఉన్నాది. పోతూ మాటాడుకుందాం.” బండి నిజంగానే వేగావతి వంతెన దగ్గరుంది. పొద్దున్నే దాన్ని అక్కడికి పంపించింది గణపతిరావే.

ఇద్దరూ పక్కపక్కన బయల్దేరారు. గణపతిరావు ఎడం చెయ్యి, నరసింగరావు కుడిచెయ్యి, మీద కండువా. దార్లో జనం నవ్వారు. ఇద్దరు పెద్దమనుషులు కొత్త దంపతుల్లా చేతులు పట్టుకు నడిచే వింత సాలూరు అదివరకు చూడలేదు. నరసింగరావు మొదట వేళ్ళు బిగించి గట్టి బేరం పెట్టాడు. సగం దూరంలో ఆయాసం మొదలైంది. వంతెన కనబడేసరికి వేళ్ళు సడలిపోయాయి.

“సర్లేవయ్యా, నువ్వన్నదే కానీ. ఎక్కడైనా కూకోనీ నన్ను!”

గణపతిరావుకి కూడా ఒగర్పొచ్చింది కానీ బయటపడలేదు. నడక ఇంత లాభసాటి అని డాక్టరు ముందే చెప్పి ఉంటే ఎప్పుడో నడిచేవాడు కదా!

మరి టీ? ఆ చిక్కు చినబాబు విప్పాడు. “ఒకే ఇల్లు, ఒకే మాట. అన్నియ్య గ్లాసు నాను బోర్లిస్తాను,” అన్నాడు. పార్టీలు ఆలోచించి సరే అన్నారు. ఇక అన్న వంతెన దాకా పోయి రావడం, తమ్ముడు ఆఫీసులో గ్లాసులు బోర్లించడం. ఎన్ని బేరాలైతే అన్ని నడకలు, అన్ని టీలు. గణపతిరావుకి పంచె కట్టు వదులైంది. రాత్రి పడుకుంటే తెల్లారేదాకా మెలకువ రావడం లేదు. ఇంట్లో నవ్వులు వినబడుతున్నాయి. కానీ కట్టు కింద వేలు ఎలా ఉందో అడగడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

*

పున్నమి నాటి పొద్దున డాక్టరు జగన్నాధం సైకిలు దిగాడు. పెరట్లో పీట వేశారు. జగ్గమ్మ దేవుడి గదిలో దీపం పెట్టొచ్చి తలుపు చాటున నిలబడింది.

డాక్టరు కట్టు విప్పుతున్నాడు. ఒక చుట్టు. ఇంకో చుట్టు. గణపతిరావు మొహం పక్కకి తిప్పుకున్నాడు. నారాయణమ్మ తిప్పుకోలేదు.

డాక్టరు వేలిని అటూ ఇటూ తిప్పాడు. గోరు పక్కన గట్టిగా నొక్కాడు.

“అబ్బా!” గణపతిరావు చెయ్యి లాక్కున్నాడు.

“నొప్పి తెలిసిందా?”

“తెలవదేటి బాబూ! పేనం పోనాది!”

“పోలేదు. వచ్చింది.” డాక్టరు నవ్వాడు. “మొన్నటిదాకా నొక్కితే మీకు తెలిసేది కాదు. చూడమ్మా, నలుపు పోయింది. ఇదిగో, ఎర్రగా కొత్త చర్మం పడుతోంది. ఏదీ, నీ గొట్టం చూపించు.”

నారాయణమ్మ దీపం వెలిగించింది. చుక్కలు లెక్క తప్పాయి. మళ్ళీ వేసింది. గొట్టం మంట మీద ఊపుతూ ఉండిపోయింది. నీలం పొంగింది. పొంగి, పల్చగా ఆకుపచ్చకి తిరిగింది. అక్కడే ఆగింది. ఇంకాస్త కాచింది. అక్కడే ఉంది.

“చాల్లే అమ్మా, మాడుతుంది,” అన్నాడు డాక్టరు. “ఇంకో నెల ఇలాగే ఉంటే నీలం కూడా చూస్తాం. ఆసుపత్రి లేదు, కోత లేదు. గణపతిరావుగారూ, మీ వేలు మీదే.”

గణపతిరావు ఆ వేలిని కళ్ళముందు పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. నారాయణమ్మ నూతి గట్టు మీద కూర్చుని హాయిగా ఏడ్చేసింది.

తలుపు చాటునుంచి జగ్గమ్మ పరుగున వచ్చింది. “నా తల్లే! నా బంగారు తల్లే!” అంటూ కోడలి చేతిలోంచి ఆ గొట్టాన్ని పట్టకారుతో సహా లాక్కుని రెండు కళ్ళకీ అద్దుకుంది.

“అత్తా, అది…” అంది నారాయణమ్మ.

జగ్గమ్మకి అప్పుడు గుర్తొచ్చింది అందులో ఉన్నదేమిటో. “ఓలమ్మో!” అని గొట్టం కోడలి చేతిలో పడేసి నూతి దగ్గరికి పరిగెత్తింది. డాక్టరు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. గణపతిరావు పడీపడీ నవ్వాడు. ఆ పెరట్లో అంత నవ్వు విని ఎన్నాళ్ళైందో.

“ఏటి, అందరూ నవ్వుతన్నారు? ఏలు దక్కినాదా?” చినబాబు గదిలోంచి వచ్చాడు. అన్న చెయ్యి చూసి ఎగిరి గంతేసినంత పని చేశాడు. “నాను సెప్పలే! అంతా నా టీల మహిమ! వొదినా, సెంబుడు నీల్లు.”

నారాయణమ్మ చెంబు ఇచ్చింది. గటగట తాగేశాడు. “ఇంకో సెంబుడు.” అదీ తాగాడు.

డాక్టరు నవ్వు సగంలో ఆగింది.

“రోజూ ఇంతేనా చినబాబూ?”

“ఎండలు కదండీ.”

“ఎండలెక్కడివయ్యా, కార్తీకంలో?” డాక్టరు వాడి జారిపోతున్న చొక్కా కేసి చూశాడు. “బాగా తింటున్నావా?”

“తినకేం బాబూ, ఇద్దరి తిండి తింతన్నాడు,” అంది జగ్గమ్మ మొహం కడుక్కుంటూ. “అయినా సిక్కిపోతన్నాడు.”

“రాత్రిళ్ళు ఎన్నిసార్లు లేస్తావు?”

“నాలుగైదు మార్లు లేసి ఆ మూల గోడకాడికెల్తాను. టీలు తాగుతన్నాను కదండీ మరి.” చినబాబు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. చుట్టూ చూసి, ఇంకెవరూ నవ్వడం లేదని గమనించి తనూ ఆపాడు.

డాక్టరు లేచి పెరటి మూలకి నడిచాడు. అది చినబాబు రాత్రిళ్ళు లేచి వెళ్ళే గోడ వార. అక్కడ వంగి ఒక్క క్షణం చూశాడు. నారాయణమ్మ కూడా చూసింది. గోడ పొడుగునా చీమలు బారు కట్టి ఉన్నాయి.

ఇన్నాళ్ళూ ఆవిడ కళ్ళు మొగుడి మీదే ఉన్నాయి. ఆ కూజా మీద, ఆ చెంబు మీద, ఆ చొక్కా మీద ఒక్కసారీ పడలేదు.

“దీపం ఆర్పకమ్మా,” అన్నాడు డాక్టరు.

“దేనికండీ?” అన్నాడు చినబాబు. “నాకేటయ్యింది? నాను అన్నియ్య బదులు తాగినాను, అంతే కదా?”

జగ్గమ్మ తడి మొహంతోనే మెట్టు మీద కూర్చుండిపోయింది. గణపతిరావు లేచొచ్చి తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. కుడిచేత్తో పట్టుకున్నాడు. అప్పుడే చర్మం పడుతున్న వేలు నొప్పెడుతున్నా వదల్లేదు.

“భయపడకురా. ఏదైనా గాని, రేపట్నుంచి వంతెన దాకా ఇద్దరం నడుద్దాం.”

నారాయణమ్మ గొట్టం కడిగి కొత్తగా నీలం మందు పోసింది. చినబాబు పట్టిచ్చిన ఒంటేలు చుక్కలు వేసి మంట మీదికి వంచింది. నలుగురూ దాని చుట్టూ చేరారు. మందు వేడెక్కుతోంది. ఇంకా నీలంగానే ఉంది.